బండి నడుస్తోంది

గంటకింత అని ఇస్తారు నాకు,
ఈ నోటి మాట ఆ చెవిన వేసినందుకు.
కలపకూడదు, తియ్యకూడదు.
మిడిల్స్‌బరోలో తెలుగుకి పని తక్కువే:
ఒక కాన్పు, ఒక కోర్టు వాయిదా,
నెలకో రెండుసార్లు ఇలాంటి గది.

నీలం కుర్చీలు. మూడు నిమిషాలు వెనకపడ్డ గడియారం.
కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని గ్లెనిస్ అనే ఆవిడ.
మంచి మనిషే, అడక్కముందే మంచినీళ్లు ఇచ్చింది.
తీరని జబ్బు తీరిందేమోనని
మూడేళ్లకోసారి చూడడం ఆవిడ ఉద్యోగం.
ఇటు ఎస్తేరమ్మ.
ఆసుపత్రి లాండ్రీలో పందొమ్మిదేళ్లు
తడి దుప్పట్లు ఎత్తిన చేతుల్ని
ఒళ్లో బోర్లించుకుని.

ఇంగ్లీషు రాక కాదు నన్ను పిలిపించుకుంది.
"పనికి సరిపోయిందమ్మా ఆ భాష,
నొప్పికే చాలట్లేదు."
నిజమే. పొద్దున పోటు, మధ్యాహ్నం సలుపు,
రాత్రి తీపులు, వాన ముందు గుంజుడు,
వంటింటి డబ్బాల్లో ఏవేం ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది.
నేను అటు తిరిగి పెయిన్ అన్నాను.
మళ్లీ పెయిన్ అన్నాను.
నాలుగోసారికి గ్లెనిస్ టైపు చెయ్యడం మానేసింది.

"ఇవాళ ఎలా ఉన్నారు?"
అది కూడా లెక్కలోకొచ్చే ప్రశ్నేనని ఆమెకు తెలీదు.
"పర్వాలేదండి."
మనం అంతేగా,
పాడె మీద పడుకోబెట్టి అడిగినా
పర్వాలేదండి అనే అంటాం,
అడిగినవాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకని.
అన్నదే అన్నాను.
వేళ్లు కదిలాయి.

"ఇరవై మీటర్లు నడవగలరా?"
ఇరవై మీటర్లంటే ఎంతమ్మా అని నన్నడిగింది.
రెండు బస్సులు వరసగా ఆగినంత అని చెప్పబోయి
నాలుక కరుచుకున్నాను.
ఆవిడే కొలుచుకుంది మనసులో,
తలుపు నుంచి చెత్తడబ్బా దాకా కాబోలు,
మధ్యలో పక్కింటి గోడ పట్టుకుని నిలబడే చోటు,
తిరిగొచ్చాక మంచం మీద పోయే ఆ పూటంతా.
అదేదీ చెప్పలేదు.
"ఏదో, బండి నడుస్తోంది" అని నవ్వింది.

అయ్యో, ఆ మాట.
బండి అంటే బండి కాదనీ
నడవడమంటే నడక కాదనీ
ఇరుసు విరిగినవాళ్లే ఆ మాట అంటారనీ
రెండు క్షణాల్లో ఏ ఇంగ్లీషులో సర్దను?
"షి ఈజ్ మేనేజింగ్" అన్నాను.

ఆరు వారాలకు గోధుమరంగు కవరు.
నడకకి సున్నా. వంటకి రెండు.
నెట్టుకొస్తున్నానని స్వయంగా తెలిపారు, అని ఒక వాక్యం,
అది నాదే.
తర్వాతి నెలలో, ఆ భత్యం మీద వచ్చిన కారు వెళ్లిపోయింది.
తీసుకెళ్లడానికొచ్చిన కుర్రాడికి
కెటిల్ రెండు చేతుల్తో పట్టుకుని టీ పోసిందట.
"చలిలో వచ్చాడు పాపం."

ఇదంతా నాకు తెలియకూడదు.
చర్చి ర్యాంపు మీద ఎదురుపడి చెప్పింది, తప్పు పట్టకుండా.
నిబంధన ప్రకారం ఈ వంటింట్లో
నేను ఉండనే కూడదు.
ఉన్నాను. అప్పీలు పద్దెనిమిదో తారీఖు.

"పర్వాలేదు అనకండి."
"మరేమనాలి?"
ఆలోచించాను. దాన్లోంచి లేదు తీసేసి
మిగిలింది ఎవరైనా ఎప్పుడైనా వాడారా?
"ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు.
రాత్రి మూడింటికి బాత్రూం దాకా వెళ్లడం చెప్పండి."
చెప్పింది. గోడలు చెప్పింది, నేల మీద పాకడం చెప్పింది,
అందని తలుపు చెప్పింది, ఆ తర్వాత
దుప్పటి తనే ఉతుక్కోవడం చెప్పింది,
చెప్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

"నవ్వకుండా చెప్పాలి ఎస్తేరమ్మగారూ,
వాళ్లు నవ్వు కూడా రాసుకుంటారు."

"నవ్వకుండా ఎలా చెప్తారమ్మా," అంది,
"అలాంటి సంగతి?"