ఎడమ దిక్కు

హాలియాల మాది మోటార్ల వైండింగు కొట్టు.
బోర్లల్ల కాలిపోయిన మోటార్లు వచ్చి
మా వాకిట్ల వరుసగ పండుకుంటయి,
ఎండకాలమైతే కాలు పెట్ట సందుండదు.
కాలిన రాగి తీగ సిమెంటు సంచిల కట్టి
వెనక రేకుల కింద పెడుత.
చైత్రంల ఒక సంచి పోయింది. పదకొండు కిలోలు.
రాగి ధర నాకంటె దొంగకే బాగెరుక.

ఖలీల్ వచ్చి గుంజకు కెమెరా బిగించిండు.
కదిలినదాని వెంట కదుల్తది కాకా,
కిందికి చూస్తది, మీదికి చూస్తది, అన్నడు.
మూలకు పడ్డ పాత కంప్యూటర్ల
సాఫ్ట్‌వేర్ ఎక్కించి నా ఫోనుకు కలిపిండు.
మొదటి రాత్రి రెండు వందల పద్నాలుగు సార్లు మొత్తుకుంది ఫోను:
పిల్లి. పాలితీన్ కవరు. వేప కొమ్మ.
అద్దం మీద సాలీడు నడిస్తె
ఆకాశమంత జంతువని రికార్డు చేసి పెట్టింది.
ఆకు కదిలితె ఊకో, మనిషి కదిలితె అరువు, అని
దానికి నేర్పుటానికి వారం పట్టింది.
కుక్కపిల్లకైతే ఇంకా జల్ది వస్తుండె.

తర్వాత మంచిగనే కుదిరింది.
నేను సంచి మోసుకొని పోతుంటె
కిర్రుమని మెడ తిప్పి నా వెంట చూసేది.
నలభై ఏండ్ల పనిల
నన్ను అంత శ్రద్ధగ ఎవరూ చూడలే.

ఒకనాడు కోడికూత యాళ్ల
చాయ తాగుకుంట ఫోను తెరిస్తె
అది గోడ దాటి ఎడమకు చూస్తున్నది.
ఊశమ్మ ఇంటి వెనక
మూడు షాబాదు బండలు, ఒక చీర పరద.
చెంబు లేస్తది, చెంబు దిగుతది,
చెంబు వెంట అది తల ఎత్తుతది, దించుతది.
ఫోను బోర్లేసిన.
చాయ మీద మీగడ కట్టిందాక ఎత్తలే.

ఆ జాగ మీద నల్లటి డబ్బా గీసిన, మౌసు తోటి.
కెమెరా తిరిగింది, డబ్బా తిరగలే.
నా రేకుల షెడ్డు నల్లగైంది,
ఆమె పరద తెల్లగనే ఉన్నది.
నవ్వాల్నో ఏడ్వాల్నో.

మళ్ల యాదికొచ్చింది:
దాని కడుపులున్నది గూడ మోటారే గద,
చిక్కుడు గింజంత.
తిరిగేదాన్ని ఎన్ని చుట్లకు ఆపాల్నో
నాకు ఇంకొకలు చెప్పాల్నా?
ఎడమకు వేప మొదలు దాక. అంతే.
హద్దు పెట్టి సేవ్ నొక్కిన.

ఆషాఢం ముసురుల మళ్ల వచ్చిండు వాడు.
ఊశమ్మ గోడ మీదికెల్లి దిగిండు, అటే ఎక్కి పోయిండు.
బూడిద రంగు వీడియోల తడిసిన వీపు, భుజాన సంచి.
కెమెరా వెంబడి పోయింది, పోయింది,
వేప మొదలు కాడ ఆగింది.
పలుపు చాలని దూడ లెక్క
రెండు సార్లు గుంజుకొని ఊకున్నది.
వాడు మొఖం తిప్పింది అవుతలనే అయుంటది.

ఎస్సై సారు ఆ ముక్క నాలుగు సార్లు చూసిండు.
ఇక్కడ్నే ఎందుకాగిందయ్యా?
గేరు అరిగింది సార్, అన్న.
ఊరి మోటార్లన్ని బాగు చేస్తవు, దీని గేరు చూసుకోలేవా?
చూస్త సార్, అన్న.
మా షాగిర్దు సైదులు నా దిక్కు చూసి, నేల దిక్కు చూసిండు.

ఆ రాత్రి కంప్యూటరు ముంగట కూసున్న.
ఈసారి పద్దెనిమిది కిలోలు.
రైతుకు ఏం చెప్పాల్నో తెల్వదు.
హద్దు తీసెయ్యాల్నా అని అడుగుతది సాఫ్ట్‌వేర్,
అవును, కాదు, రెండే గళ్లు.
మౌసు పట్టుకున్న ఏలు చెమట పట్టింది.
కరెంటు పోయింది. మంచిదైంది.
వచ్చినంక మళ్ల ముట్టలే.

మాపటీలి ఊశమ్మ గోడ మీదికెల్లి తొంగి చూసింది.
నీ కెమెరా ఇటు తిరగదంట గద, బిక్షమన్నా?
మెడ పట్టేసిందమ్మా, అన్న.
ఆమె ఏమనలే. లోపలికి పోయింది.
జరసేపటికి గోడ మీద చిన్న గిన్నె పెట్టింది.
ఆముదం.
రాసి చూడు, అన్నది నవ్వకుంట.

నా మోకాళ్లకు రాసుకుంటున్న.