మూడు పెంటమ్మలు

అడ్డగుట్టలో మా బస్తీ దవాఖాన.
రెండు గదులు, ఒక ఫ్యాను, గోడకు ఒక బల్లి.
మంగళవారం పదకొండింటికి
పెంటమ్మ తన సంచీని నా బల్ల మీద బోర్లించింది.

బట్టలషాపు సంచి. దాని మీది పెళ్లికూతురు
ఎక్స్‌రేల ఒరిపిడికి ఎప్పుడో ముఖం పోగొట్టుకుంది.
లోపల గాంధీ ఓపీ చీటీలు, పంజాగుట్ట రిపోర్టులు,
నూనెమరకలో అక్షరాలు ఈదుతున్న షుగరు కాగితం,
కరెంటు బిల్లు, మనవడి టీకా కార్డు,
ఎవరిదో తెలియని ఒక ఈసీజీ.
"సూడు బిడ్డా, అన్నీ గిండ్లనే ఉన్నయ్.
ఏది ఏందో నాకెర్కలే."

ఇవాళ సంచి అక్కర్లేదన్నాను.
కంప్యూటరొచ్చింది, దాని ముందు ఇంతియాజ్ కూర్చున్నాడు.
పేరు కొట్టాడు.
ముగ్గురు పెంటమ్మలు పైకి తేలారు.

ఒకామెకు నలభై ఏడు, షుగరు, మా దవాఖాన.
ఒకామెకు అరవై, గాంధీలో కాలి పుండు,
ఇంటిపేరు గడిలో ఎవరో మొగుడి పేరు నింపారు.
మూడో ఆమెను విరిచి పి. ఎంటమ్మ అని రాశారు,
పుట్టింది జనవరి ఒకటి.
తేదీ తెలియని వాళ్లంతా ఈ ఊళ్లో ఆ రోజే పుడతారు.
ముగ్గురికీ ఫోన్ నంబరు ఒకటే.

"నాకు ముందు నలుగురు పోయిన్రు మా అమ్మకు.
నేను పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి తెచ్చుకున్నరు.
గీ పేరుంటే సావు ముట్టదంట."
నవ్వింది.
చావు కళ్లు కప్పిన పేరు
ఇన్నేళ్లూ మా కళ్లు కూడా కప్పింది.

ముగ్గుర్నీ కలపమంటారా, ఖాయమేనా,
మెషీను రెండుసార్లు అడిగింది.
మేం ఆమెనే అడిగాం. "నేనొక్కదాన్నే" అంది.
చక్రం తిరిగింది, తిరిగింది,
ఇంతియాజ్ ఒక సమోసా తిని చేతులు తుడుచుకునేదాకా తిరిగింది.

అప్పుడు పక్కపక్కన రెండు వరుసలు.
పంజాగుట్ట కిడ్నీ డాక్టరు, నిరుడు బోనాలప్పుడు:
నొప్పి మాత్రలు ఇవ్వరాదు.
అడ్డగుట్ట, దసరా ముందు: మోకాళ్ల నొప్పి.
డైక్లోఫెనాక్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
కింద నా పేరు.
ఉగాదికి మళ్లీ అదే మందు, మళ్లీ నా పేరు.
క్రియాటినిన్ మెట్లెక్కుతోంది,
ఒక్కో మెట్టుకు ఒక్కో ఇటుక నేనే అందించాను.

ఆ డాక్టరును నేనెప్పుడూ చూడలేదు.
మా ఇద్దరి మధ్య రెండు బస్సులు, ఈ సంచి.
ఆయన రాసింది నాకు చేర్చమని
చదువురాని మనిషిని టపా బంట్రోతును చేశాం.

తప్పు నాదని చెప్పాను.
ఆమె మోకాలు తడుముకుంది.
"గా గోలి మంచిగుండె బిడ్డా.
గది ఏస్కుంటే మెట్లెక్కేదాన్ని."

నాలుగు లైన్లు టైపు చేసి పంజాగుట్టకు పంపాను.
పావుగంటలో జవాబు:
శుక్రవారం పంపండి. నొప్పికి వేరేది రాస్తున్నా.
నేనూ ఫోన్ చేసి ఉండాల్సింది.

"ఇగ సంచి పారేస్తవా అమ్మా?" అన్నాడు ఇంతియాజ్.
"ఎందుకు పారేస్త? కరెంటు పోతే?"
సర్దుతుంటే అడుగు నుంచి జారిపడింది
సగం అయిపోయిన మాత్రల అట్ట. అదే మందు.
నేను రాసింది కాదు.
"గల్లీల మెడికల్ షాపోడిచ్చిండు. వాడు చీటీ అడగడు."

తెర మీద గాంధీ ఉంది, పంజాగుట్ట ఉంది, మేమున్నాం.
ఆమె గడపకు పదడుగుల దూరంలోని ఆ కొట్టు
ఎంత వెతికినా లేదు.

స్కెచ్ పెన్ను తీసుకుని
ముఖం లేని పెళ్లికూతురి మీద పెద్దగా రాశాను:
పెంటమ్మ. కిడ్నీ జబ్బు. నొప్పి గోలీలు ఇయ్యొద్దు.
కింద నా ఫోన్ నంబరు.

"నా పేరు సక్కగ రాసినవా?"
ఇంతియాజ్ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపించాడు.
ఆమె వంగి చూసింది, చదువుతున్నట్టే.
సిరా ఆరేదాకా ఫ్యాను కింద పట్టుకుని
సంచి చంకన పెట్టుకుని
గుట్ట మెట్లవైపు నడిచింది, మెల్లగా.