నాలుగు కిలోలకి పావు తక్కువ

కోట వీధి చివర జలీల్ మేస్త్రి షెడ్డులో
వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టిన బొలేరో.
అరకు ఘాటీ ఎక్కి దిగే బండి.
అరవై దాటితే చాలు,
వెనక సీటు కింద ఎవరో సన్నగా మూలుగుతున్నారని
డ్రైవరు సన్యాసినాయుడికి వారం నుంచి నిద్ర లేదు.

మేస్త్రి చెవి పెట్టలేదు, చెయ్యి పెట్టాడు.
ఫ్లాంజి పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి
"వదులైపోనాది" అన్నాడు,
పిల్లాడి పాలపన్ను గురించి చెప్పినట్టు.

కొత్త బేరింగులు కాగితం విప్పామో లేదో
పోర్టు మీంచి గాలి మళ్లింది.
ఆరేసిన బట్టల్నే వదలని ఖనిజం పొడి.
"కప్పరా, కప్పు" అంటూ
భుజం మీది తువ్వాలు తీసి వాటి మీద పరిచాడు.

రెండు బేరింగుల నడుమ పల్చటి ఇనప గొట్టం, స్లీవు.
నట్టు బిగిస్తుంటే అది నలుగుతుంది.
అది నలిగిన మేరకే బేరింగులు దగ్గరవుతాయి.
అంతే దాని ఉద్యోగం, ఒక్కసారి నలగడం.
మొదట ఎంత లాగినా ఏమీ కాదు,
నాలుగడుగుల పైపు తొడిగి ఇద్దరం వేలాడినా
రాయి.
తర్వాత హఠాత్తుగా వెన్న.
అక్కడ ఆగాలి.
అక్కడే నేను ఆగలేదు.

మొదటి స్లీవు నా చేతుల్లో పోయింది.
పినియన్ బిగుసుకుపోయి, తిప్పితే మొండికేసింది.
భయపడి నట్టు పావు చుట్టు వెనక్కి తిప్పబోయాను.
మేస్త్రి నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఇప్పితే నట్టు వొస్తాది గానీ, నలిగింది లెగుస్తాదేటి?"
తిట్టలేదు. జేబులోంచి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి
అల్లిపురం పంపాడు, ఇంకో స్లీవుకి.
ఎండలో తోవంతా అనుకున్నాను,
తిట్టేసి ఉంటే బావుణ్ణు.

రెండోసారి కొలిచి బిగిద్దాం అన్నాడు.
కొలిచే రెంచి కంపెనీ వర్క్‌షాపుల్లో ఉంటుంది.
మాకున్నది
మా అమ్మ గరికిన పోలమ్మ ఫిషింగ్ హార్బర్లో
చేపలు తూచే స్ప్రింగు కాటా.
పొద్దుటి వేలం అయిపోయాక అడిగి తెచ్చాను.
కొక్కేనికి పొలుసొకటి ఇంకా అంటుకునే ఉంది.

ఫ్లాంజి చుట్టూ తాడు చుట్టి, కొస కొక్కేనికి తగిలించి
నిదానంగా లాగమన్నాడు.
"కదిలేటప్పటి లెక్క వొద్దు.
లెగిసేటప్పుడు ఎవడైనా బరువే.
నడకలో పడ్డాక సూడు."
ఒకటిన్నర.
కొంచెం బిగించు. తిప్పు, బేరింగు సర్దుకోనీ. మళ్లీ తాడు.
రెండుంపావు.
కొంచెమంటే కొంచెమే, గడియారం ముల్లు నడిచినంత.
టీ వచ్చింది, చల్లారింది.
హార్బరు వైపు ఏదో ఓడ కూత వేసింది.
సన్యాసినాయుడు బల్ల మీద ఎప్పుడు నిద్రపోయాడో చూడలేదు.
మూడు. మూడున్నర.
మూడూ ముప్పావు దగ్గర ముల్లు వణికి, నిలబడింది.

"సాలు. కొత్త బేరింగుకి ఇంత.
పాతదయితే ఇందులో సగం.
అరిగినోణ్ణి అంత గట్టిగా పట్టుకోకూడదు"
అని నట్టు అంచు మీద ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టి,
తన మోకాలు తను పట్టుకుని లేచాడు.

నేను చేత్తో తిప్పి చూశాను.
వదులు కాదు, పట్టేయడమూ కాదు.
తెడ్డు మొదటిసారి నీళ్లని పట్టినట్టు
ఎదురు చెబుతూనే కదిలే బరువు.

రాత్రి కాటా తిరిగి ఇచ్చాను.
అమ్మ కొక్కెం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.
గేరు నూనె.
"ఏటి తూసినావురా దీంతోటి?"
"తిరగడం."
"ఎంత తూగినాది?"
"నాలుగు కిలోలకి పావు తక్కువ."
కాసేపు ఆలోచించింది. మంచి వంజరమే.
"మరెంతకెల్లిపోనాది?"