అర మార్కు

ఎనుమాముల యార్డు గోడకు ఆనుకొని మా బడి.
మార్చిలో కిటికీలు మూసే పాఠం చెప్పాలి.
మూసినా మిర్చి ఘాటు ఆగదు,
నలభై ఇద్దరు పిల్లలు, నేను,
సూత్రానికో తుమ్ము.

ద్రవ్యరాశి ఇంటూ వేగం, ద్రవ్యవేగం.
ఎం ఇంటూ వి, పి.
"పి ఎందుకు సార్?" అంది తౌటం స్వరూప.
ఎం అక్షరాన్ని ద్రవ్యరాశి ముందే ఎత్తుకపోయిందమ్మా అన్నాను.
నాకూ అంతకుమించి తెల్వదు.

ఆ రోజు బోర్డు మీద రెండు లెక్కలు.
ఒకటి పుస్తకంలోది:
ఇరవై గ్రాముల తూటా, సెకనుకు నాలుగొందల మీటర్లు.
గ్రాముల్ని కిలోలు చేయడం మరిచి
ఎనిమిది వేలు రాశాను.
అది తూటా కాదు,
సరుకుతో మెల్లగా దొర్లే లారీ.
పిల్లలు నవ్వారు.
డస్టర్‌తో మూడు సున్నాలు తుడిచాను,
ఎనిమిది మిగిలింది.

రెండోది గోడ అవతలిది:
లారీ మీంచి చెక్క పలక మీద జారే మిర్చి బస్తా,
నలభై కిలోలు,
సెకనుకు జానెడు, అంటే సున్నా పాయింట్ రెండు.
ఇదీ ఎనిమిదే.

లోలోపల మురిసిపోయాను.
ఒకటే జవాబు వచ్చేటట్టు
రాత్రి కూర్చొని కుదుర్చుకున్న లెక్క మరి.

వెనక బెంచీలోంచి ఓదెలు లేచాడు.
వాళ్ల నాయిన మొగిలయ్య అదే యార్డులో హమాలీ.
"సార్, మా నాయిన గా ఎనిమిదిని
దినాం రెండొందల సార్లు భుజంతోని ఆపుతడు.
ఆపి, చాయ్ తాగుతడు.
మా చిన్నాయిన గీ ఎనిమిదిని
ఒక్కసారే ఆపిండు."

ఎవరూ తుమ్మలేదు.

"అది శక్తి పాఠం, వచ్చే వారం" అన్నాను.
అబద్ధం కాదు.
అక్కడ వేగాన్ని వేగంతోనే మళ్లీ గుణిస్తారు,
తూటాకు పదహారు వందలొస్తుంది,
బస్తాకు ఒకటి కూడా నిండదు.
బోర్డు మీద చోటుంది, చేతిలో సుద్దముక్క ఉంది,
రెండు నిమిషాల పని.
బెల్లు కొట్టలేదు,
కొట్టినట్టు విన్నాను.

ద్రవ్యవేగానికి దిక్కుండాలని
నేనే చెప్పాను మొన్న.
బస్తా దిక్కు తెలుసు, కిందికి, మొగిలయ్య మెడ పక్కకు.
తూటా ఎటు నుంచి ఎటు పోయిందో
పుస్తకం ఇయ్యలేదు.
దిక్కులేని లెక్క,
ఏటేటా చెప్పుకుంటూ వచ్చాను.

యూనిట్ టెస్టులో ఆ తూటా లెక్కే ఇచ్చాను.
ఓదెలు గ్రాముల్ని మరిచిపోలేదు.
ఎనిమిది అని రాసి,
ప్రమాణం ఉండాల్సిన చోట
స్కేలు పెట్టి సాఫుగా ఒక బాణం గీశాడు.
బాణం కింద చిన్నగా: మా ఇంటి దిక్కు.

ప్రశ్నలో దిక్కు అడగలేదు.
ప్రమాణం రాయకుంటే అర మార్కు కోయాలి,
కోశాను.

ఇరవైకి పందొమ్మిదిన్నర.
క్లాసులో వాడే ఫస్టు.
పేపరు తీసుకొని, నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నాడు.
వచ్చే వారం శక్తి పాఠం చెప్పాను.
వాడు ఏమీ అడగలేదు.