పదకొండో నిమిషం

గ్యుమ్రిలో ఫిబ్రవరి. కిటికీకి లోపలి వైపు కూడా మంచు.
హ్మయాక్ తాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు ల్యాప్‌టాప్‌ని,
జ్వరమొచ్చిన పిల్లిని తెచ్చినట్టు.

"ప్రాసెసర్ మార్చాను. నేనే," అన్నాడు,
గర్వం కొంత, నేరం ఒప్పుకోవడం కొంత.
సెకండ్ హ్యాండ్‌ది. రెండు కోర్ల చోట నాలుగు.
"పదకొండు నిమిషాలు ఆలోచిస్తుంది.
తర్వాత ఊదేసిన దీపం."

దీనికింత బుర్ర ఎందుకయ్యా అంటే
కోటు జేబులోంచి ఒక పోస్టుకార్డు తీశాడు.
డెబ్భై తొమ్మిదిలో ఒడెస్సా నుంచి గెవొంద్ రాసిన ఎత్తు,
నలభై ఒకటోది. ఏనుగు ఒక గడి పక్కకి.
తాత జవాబు రాశాడు. మళ్ళీ కార్డు రాలేదు.
"ఓడిపోతున్నానని తెలిసి పారిపోయాడు వాడు.
రుజువు కావాలి నాకు."

విప్పాను. పదమూడు మరలుండాలి, పన్నెండే ఉన్నాయి.
ఆ ఒక్కటీ ఏమైందని తాతని అడగలేదు.
పాత పేస్ట్ ఎండిన సున్నంలా పెచ్చులూడుతోంది.
తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి
రాగి పలక నొక్కి బిగించాను.
పదకొండు నిమిషాలు.

ర్యామ్ ఒక్కొక్కటే తీసి చూశాను.
బయోస్ కొత్తది ఎక్కించాను, ఊపిరి బిగపట్టి, ఏడు నిమిషాల్లో.
లాగ్ తెరిస్తే ఒకటే వాక్యం వరస తప్పకుండా:
అనుకోకుండా ఆగిపోయింది.
ఎందుకో చెప్పదు.
చచ్చినవాణ్ణే సాక్ష్యానికి పిలిచినట్టుంది నా పని.

విసుగొచ్చి సిగరెట్‌తో పాటు దాన్నీ బాల్కనీలోకి పట్టుకెళ్ళాను.
సున్నాకి పద్నాలుగు కింద.
అక్కడ నడిచింది. పావుగంట, అరగంట, రెండు గంటలు.
నా వేళ్ళు కొయ్యబారాయి గాని
తెర మీద గుర్రాలు దూకుతూనే ఉన్నాయి.

దొరికాడు దొంగ, వేడి! అనుకున్నాను.
యెరెవాన్ నుంచి రెండు గొట్టాల హీట్‌సింక్ తెప్పించాను,
నా డబ్బే పెట్టి.
ఇల్లలకగానే పండగయిందా?
గదిలో మళ్ళీ అదే పదకొండు. వేడి చూస్తే డెబ్భై దాటలేదు.
మూడు రాత్రులు నా నిద్ర కూడా
అదే లెక్కన ఆరిపోతూ వచ్చింది.

నాలుగో పొద్దున ఎదురింటి శుషానిక్ తలుపు కొట్టి,
"నా చార్జర్ నీ బాల్కనీలో వేలాడుతోంది, ఇంకెన్నాళ్ళు?" అంది.

అక్కడే నిలబడిపోయాను.
ఆ రోజు తాత తీగ బాల్కనీ దాకా అందలేదు.
ఈమెది అడిగి పెట్టాను. లావుపాటిది, తొంభై వాట్లు.
తాతది అరవై అయిదు.
బ్యాటరీ చచ్చి ఏళ్ళయింది,
కరువొస్తే అప్పిచ్చేందుకు లోపల ఎవరూ లేరు.
ఏనుగుని తెచ్చి కట్టేసి మేకకి వేసే మేత వేశాం,
పడిపోయినప్పుడల్లా ఒళ్ళు తడిమి జ్వరం చూశాం.
చలికి కట్టబెట్టిన ఘనతంతా
ఒక తీగది.

ఆ రాత్రి పొయ్యి పక్కనే పెట్టి వదిలేశాం.
పన్నెండో నిమిషం వచ్చినప్పుడు ఇద్దరం మాట్లాడలేదు.
తాత కుర్చీలోనే కునుకు తీశాడు.
తెల్లారేసరికి తెర మీద ఒక అంకె, దాని ముందు చిన్న గీత.
ఇంకో ముప్పై ఎత్తుల్లో రాజు పోతాడు.
తాత రాజు.

లేపనా వద్దా అనుకుంటుండగానే కళ్ళు తెరిచాడు.
చూశాడు, చాలాసేపు, అద్దాలు తుడుచుకుని మళ్ళీ.
"గెలుస్తున్నావు కదరా," అన్నాడు కార్డుతో,
"మరి ఎందుకు రాయలేదు?"

తర్వాత మెనూ వెతుక్కుని, ఒక్క వేలితో,
ఆపు అన్నచోట తనే నొక్కాడు.
ఫ్యాన్ తొందరపడకుండా తిరిగి తిరిగి ఆగింది.

శుషానిక్ చార్జర్ చుట్ట చుడుతుంటే
ఇంకా వెచ్చగా ఉంది.