వసారాకు కప్పు

చైత్రంలో పడిన వడగండ్లకు
మా మాధవరం వసారా రేకు
పాత అప్పడం మాదిరి పెళపెళ విరిగింది.
మగ్గం గుంటలో మోకాటిలోతు నీళ్లు.
పడుగు మీద పట్ట కప్పి ఉండె గాబట్టి సరిపోయింది.

చిన్నమామ ఓబన్న నడుం మీద చేతులేసుకొని
పైకి చూసి లెక్క చెప్పినాడు:
"బండలు పరుచు. మన జిల్లా రాయి.
సగం ఖర్చు. నీ మనవళ్లకు కూడా చాలుతుంది."
చాలుతుంది మామా,
చీకటి కూడా మనవళ్లకు చాలుతుంది.
ఆ వసారా పండుకునే దానికి కాదు.
పడుగు రంగుకు పేక రంగు కుదిర్చే చోటు అది.

కడపలో దస్తగిరి అంగడికి పోతిని,
సంచిలో ఆరు పట్టు చిలపలు.
అతను టేపు తీసేలోపల నేను పట్టు తీసినాను.
"ఇదేందమ్మా, రేకుల కోసమా, చీరల కోసమా?"
"రెండింటికీ పొంతన చూడాల, పట్టుకో."

ఇనుప రేకు: చిలపలన్నీ ఒకటే నలుపు.
పైగా వానొస్తే మగ్గం మాట నాకు వినపడదు.
సిమెంటు రేకు అడగనే లేదు,
దాని కింద దగ్గుతా పోయిన మా జేజి గుర్తుకొచ్చి.
రాగిరంగు పాలీ షీటు కింద
చిలకపచ్చ ఎండిన యాపాకైపాయ.
నీలం షీటు కింద కుంకుమెరుపు వంకాయైపాయ.
"అద్దం వేసుకో, అంతా నిజమే కనపడుతుంది" అన్నాడు.
మా వీధి కోతులు కూడా నిజమే గదా దస్తగిరన్నా.

అప్పుడు మూలలోంచి పాలరంగు షీటు లాగి
ఇద్దరం చెరొక కొస పట్టుకొని
రోడ్డు మీద ఎండకు ఎత్తినాం.
దాని కింద
వెన్న వెన్న లాగనే ఉంది.
ఆకాశనీలం ఆకాశం లాగనే ఉంది.

నా గుండెలో ఏదో దారం తెగింది.

ఎందుకంటే ఆ రెండు చిలపలూ
అద్దకం నరసింహులు అద్దినవి.
వెన్నరంగు అడిగితే పసుపు కలిపినావంటిని.
నీలం అడిగితే పాచి పట్టించినావంటిని.
మూడుసార్లు తిప్పి పంపితిని,
కూలిలో ఎనిమిది నూర్లు కోస్తిని.
"బయటికొచ్చి ఎండలో సూడక్కా" అని
వాకిట్లో నిలబడి అడిగినాడు ఆ మనిషి.
"నా వసారాలో కనపడేదే రంగు" అంటిని నేను.
పదకొండేండ్లు ఎండ తాగి పచ్చబడిన రేకు కింద
కూచోని.

"ఇది పచ్చబడదా?" అని అడిగినాను.
దస్తగిరి అబద్ధం చెప్పలేదు.
"అన్నీ పడతాయమ్మా. ఇది ఎనిమిదేండ్లు, తొమ్మిదేండ్లు.
నువ్వు దినామూ చూస్తాంటావు గాబట్టి
ఎప్పుడు పడిందో నీకు తెలీదు."

ధర విని సంచి మూతి బిగించినాను.
వసారా అంతా ఆ షీటే అంటే
రెండు చీరల కూలి మిగలదు.
బస్సులో కిటికీ పక్కన కూచోని
మా జేజి వాళ్ల మట్టిమిద్దె తలుచుకున్నా.
మిద్దెకు నడుమ గవాచి ఉండేది,
ఎండ చాపంత నేల మీద పడి
గంట గంటకూ జరిగేది.
వానొస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి
దాని మీద కుండపెంకు బోర్లించేవాళ్లు.

ఇంటికొచ్చినాక మామకు చెప్పినాను,
గెలిచినట్టు మొగం పెట్టినాడు, పెట్టనీ.
కరెంటు బిల్లు వెనక రాసుకున్నా:

బండలు, పద్నాలుగు. రవాణా మామ చూసుకుంటాడు.
పాలరంగు షీటు, ఒకటి, గవాచికి.
జరిపి తీసేదానికి ఇనుప చట్రం,
అనుమానం వచ్చిన దినం
రేకు పక్కకు నూకి ఉత్త ఆకాశం కింద చూసేదానికి.
మేస్త్రీకి రెండు దినాల కూలి.

దాని కింద కొంచేపు పెన్ను ఊరకే తిప్పి
అదీ కప్పు ఖర్చు కిందనే రాసినాను:
నరసింహులుకు, ఎనిమిది నూర్లు.