ఉప్పునీళ్లు, మంచినీళ్లు

కిట్టు బిల్లు మీద ఈ ఏడాదీ సంతకం కాలేదు.
నాచారం తుక్కుకొట్లో పగిలిన సీసాలు ఏరుకొచ్చి
రోట్లో నూరాడు బీరప్ప.
యాసిడ్‌లో కాచి, పదకొండుసార్లు కడిగితే
పిడికెడు గాజుపిండి.

ఐసు చెరుకురసం బండిది,
ఇంకా అల్లం వాసనేస్తోంది.

"మాట్లాడకండి. ఆరెన్నేకి మన ఎంగిలే విషం."
మూతికి రుమాలు బిగించి షాహిదా మేడం
ఆ గంటంతా కనుబొమ్మలతోనే పాఠం చెప్పింది.

ఉప్పు మెండుగా ఉన్నంతసేపు
ఆ సన్నపోగు గాజును వదలదు.
స్పిరిట్‌తో రెండుసార్లు తలంటినా వదలదు.
ఉప్పులేని నీళ్లు నాలుగు చుక్కలు పడ్డాయా,
ఇట్టే జారి కిందికొస్తుంది.

బీరప్పకిది వింత కాదు.
మల్లాపూర్‌లో వాళ్ల బోరు ఉప్పు.
బిందెల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్లు
నల్లా వచ్చిందంటే చాలు,
ఎవరి గుమ్మం వాళ్లది.

పొద్దుపోయాక, చీకటి గదిలో, నీలం దీపం మీద
మూడో గడిలో నారింజ గీతలు రెండు.
నూట నలభై రూపాయలు, ఐసుతో కలిపి.
మొదటి రెండు గళ్లూ ఖాళీ.

"ఎవరో మాట్లాడారు," అంది మేడం.
బీరప్ప కిటికీ వైపు చూశాడు.